చరిత్రకు తప్పొప్పుల పట్టిక

పాత తెలుగు పుస్తకాల చివర ‘తప్పొప్పుల పట్టిక’ అని ఒక కాగితం ఉండేది. ఫలానా పుట, ఫలానా పంక్తి, ఒక వరుసలో తప్పు, పక్క వరుసలో ఒప్పు. కొన్నిసార్లు పుస్తకం కుట్టు పూర్తయ్యాక ఆ చీటీ విడిగా కొట్టించి జిగురుతో అంటించేవాళ్లు. తప్పు మాత్రం లోపల ఎక్కడున్నది అక్కడే ఉండేది. ఒప్పు ఎక్కడో చివరన, చాలామంది తిరగెయ్యని పేజీలో ఉండేది.

ఒక దేశం తన చరిత్రకు ఇలాంటి చీటీలు అంటించడానికి ఏకంగా ఒక ప్రభుత్వ కార్యాలయం పెడితే ఎలా ఉంటుంది? అమెరికన్ రచయిత్రి డానియెల్ ఎవాన్స్ అలాంటి కార్యాలయాన్ని ఊహించి ఒక నవలిక రాసింది. దాన్నీ, మరో ఆరు కథల్నీ కలిపి 2020 నవంబరులో ‘ది ఆఫీస్ ఆఫ్ హిస్టారికల్ కరెక్షన్స్’ పేరుతో రివర్‌హెడ్ సంస్థ ప్రచురించింది. చరిత్ర సవరణల కార్యాలయం అన్నమాట. జాతి వివక్ష గురించీ, అయినవాళ్లను పోగొట్టుకోవడం గురించీ ఈ మధ్య కాలంలో నేను చదివిన కథల పుస్తకాల్లో ఇంతగా నన్ను పట్టుకుని వదలనిది మరొకటి లేదు.

నవలికలో క్యాసీ అనే నల్లజాతి స్త్రీ ఒకప్పుడు చరిత్ర పాఠాలు చెప్పేది. ఇప్పుడు వాషింగ్టన్‌లో ఆ కార్యాలయంలో ఉద్యోగి. వీధుల్లో, దుకాణాల్లో, పర్యాటక స్థలాల్లో చరిత్ర గురించి ఎవరైనా తప్పు రాస్తే, తప్పు చెబితే, గొడవ పడకుండా, అభిప్రాయాల జోలికి పోకుండా, నిజం ఇదీ అని చెప్పి ఒక సవరణ చీటీ అంటించి రావడం ఆమె పని. కథ మొదలయ్యేది ఒక బేకరీలో. అక్కడ జూన్‌టీన్త్ పండుగ కేకులు అమ్మకానికి పెట్టారు. వాటి పక్కన పెట్టిన బోర్డులో చరిత్ర తప్పుగా ఉంది. తాను కొనడానికి వచ్చింది వేరే కేకు. అయినా క్యాసీ చీటీ తీయక తప్పలేదు.

ఆ పండుగ కథే ఒక పెద్ద ఆలస్యం కథ. బానిసలకు విముక్తి ప్రకటిస్తూ అబ్రహాం లింకన్ సంతకం చేసింది 1863 జనవరి 1న. టెక్సస్ రాష్ట్రం గాల్వెస్టన్ రేవులో సైన్యాధికారి గోర్డన్ గ్రేంజర్ ఆ విముక్తి సంగతి చెబుతూ ఉత్తర్వు జారీ చేసింది 1865 జూన్ 19న. మధ్యలో దాదాపు రెండున్నరేళ్లు, చట్టం దృష్టిలో స్వేచ్ఛ పొందిన మనుషులు పొలాల్లో బానిసలుగానే చాకిరీ చేశారు. ఎవాన్స్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 2021 జూన్‌లో, అమెరికా ప్రభుత్వం ఆ రోజును జాతీయ సెలవుగా ప్రకటించింది. కేకులు అంతకు ముందే వచ్చేశాయి.

ఏడవడానికి ఆధారాలు

మన ఇళ్లలో చావు జరిగితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు. పక్కింటివాళ్లో, చుట్టాలో క్యారేజీలో అన్నం తెస్తారు. పరామర్శకు వచ్చినవాళ్లు ఎలా జరిగిందని అడుగుతారు, చెప్పిందే మళ్లీ చెప్పించుకుని వింటారు. పదకొండో రోజో, పన్నెండో రోజో వచ్చేదాకా ఏడవడానికి లోకం కాస్త గడువిస్తుంది. ఆ మర్యాద మన దగ్గర కూడా అందరికీ దక్కలేదని తెలుసు. ఊరి చివరి పేటల్లో శవాన్ని మోసుకెళ్లడానికి దారి కోసం కొట్లాడాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు. ఎవాన్స్ కథల్లోని నల్లజాతి స్త్రీలు ఆ రెండో రకం ఇళ్లకు దగ్గరివాళ్లు. తల్లి పోయిన దుఃఖం ఉంటుంది, కానీ ఆ దుఃఖంతో కూర్చునే వీలుండదు. ఎవరో ఒకరు వచ్చి నువ్వెవరు, నీకిక్కడేం పని, నువ్వు చెప్పేదానికి ఆధారమేంటి అని అడుగుతారు. వాళ్లు ముందు ఆధారాలు చూపించాలి. ఏడవడం ఆ తర్వాత.

మొదటి కథ ‘హ్యాపీలీ ఎవర్ ఆఫ్టర్’లోని లిస్సాను చూడండి. టైటానిక్ ఓడ నమూనాలో కట్టిన ఒక వినోద భవనంలో, బహుమతుల దుకాణంలో పనిచేస్తుంది. తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. అదే జబ్బు తనకూ వచ్చే అవకాశం ఉందని తెలుసు, ఏం చేయాలో తేల్చుకోలేక రోజులు గడుపుతోంది. ఆ భవనంలో పిల్లల పుట్టినరోజు పార్టీలు జరుగుతాయి. వాటికి రాకుమారి వేషం వేసే పనిపిల్లలుంటారు. లిస్సాకు మాత్రం ఆ వేషం ఇవ్వరు. కారణం చరిత్రకు కట్టుబడి ఉండాలట. టైటానిక్ మీద నల్ల రాకుమారి ఎక్కడిది?

ఇక్కడ నేనొక చీటీ అంటించాలి. టైటానిక్ మీద జోసెఫ్ లారోష్ ఉన్నాడు. హైతీలో పుట్టి, ఫ్రాన్స్‌లో ఇంజనీరింగ్ చదివిన నల్లజాతి యువకుడు. రంగు కారణంగా ఫ్రాన్స్‌లో చదువుకు తగిన ఉద్యోగం దొరకలేదు. గర్భవతి అయిన భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో సొంత దేశానికి బయల్దేరాడు. మొదట వేరే ఓడకు టికెట్లు తీసుకున్నారు. ఆ ఓడలో పిల్లలు తల్లిదండ్రులతో కలిసి భోజనానికి కూర్చోకూడదన్న నియమం ఉందని తెలిసి, టికెట్లు మార్చుకుని రెండో తరగతిలో టైటానిక్ ఎక్కారు. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఓడతో పాటు అతనూ పోయాడు. భార్య, ఇద్దరు కూతుళ్లు బతికారు. చిన్నకూతురు లూయీస్ 1998 దాకా ఉంది. అంటే ఆ ఓడ మీద నల్లజాతి తండ్రి చేయి పట్టుకుని నడిచిన ఆడపిల్లలు ఇద్దరున్నారు. లిస్సాకు వేషం ఇవ్వని ఆ చరిత్రలోనే వాళ్లు ఉన్నారు. పైగా టైటానిక్ మీద రాకుమార్తెలు అసలు ఏ రంగులోనూ లేరు. కల్పించిన వేషానికి చరిత్రను అడ్డం పెట్టడం ఎంత తేలికో చూడండి. ఎవాన్స్ దీని మీద ఉపన్యాసం ఇవ్వదు. లిస్సా చేత కూడా వాదన చేయించదు. ఆమె తన కౌంటర్ దగ్గరే ఉంటుంది, కడుపులో డాక్టరు చెప్పిన మాట పెట్టుకుని.

జెండా, బికినీ, ఇద్దరు తల్లులు

ఏడు రచనల్లో ఒక్కటే చదివే తీరిక ఉన్నవాళ్లకు ‘బాయ్స్ గో టు జూపిటర్’ అందిస్తాను. ఎవాన్స్ దీన్ని పూర్తిగా ఒక తెల్ల అమ్మాయి పక్కన నిలబడి రాసింది. 2018లో రోక్సేన్ గే ఎంపిక చేసిన ‘బెస్ట్ అమెరికన్ షార్ట్ స్టోరీస్’ సంకలనంలో ఈ కథ ఉంది.

క్లేర్ కాలేజీ అమ్మాయి. సెలవుల్లో కాన్ఫెడరేట్ జెండా బొమ్మ ఉన్న బికినీ వేసుకుంటే స్నేహితుడు ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆ జెండా సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి 1860-61లో దేశం నుంచి విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల యుద్ధ పతాకం అది. ఓడిపోయి వందేళ్లు దాటాక కూడా కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ భవనాల మీదా, ఇళ్ల మీదా ఎగిరింది. 2015 జూన్ 17న చార్లెస్టన్ చర్చిలో బైబిలు చదువుకుంటున్న తొమ్మిది మంది నల్లవాళ్లను ఒక తెల్ల యువకుడు కాల్చి చంపాడు. ఆ జెండాతో అతను దిగిన ఫొటోలు బయటికి వచ్చాయి. ఆ తర్వాతే, జూలై 10న, సౌత్ కెరొలైనా శాసనసభ ప్రాంగణం నుంచి జెండా దించారు. మిసిసిపీ తన రాష్ట్ర పతాకం మూల నుంచి దాన్ని తీసేయడానికి 2020 దాకా ఆగింది.

క్లేర్ ఫొటో కాలేజీ అంతా పాకింది. ఆమె ఉండే హాస్టల్లోనే ఉంటున్న కార్మెన్ అనే నల్లజాతి అమ్మాయి బాధపడింది. క్లేర్ క్షమాపణ చెప్పడానికి బదులు మొండికేసింది, కార్మెన్ గది దగ్గర అదే జెండా బొమ్మ ఉన్న కార్డు వదిలింది. ఇంతవరకు వింటే తల బిరుసు పిల్ల కథ అనుకుంటాం. అప్పుడు ఎవాన్స్ వెనక్కి తీసుకెళ్తుంది. చిన్నప్పుడు క్లేర్‌కు ప్రాణస్నేహితురాలు ఏంజెలా, పక్కింటి నల్లజాతి పిల్ల. ఇద్దరి తల్లులకూ క్యాన్సర్ వచ్చింది. ఏంజెలా తల్లి కోలుకుంది. క్లేర్ తల్లి చనిపోయింది. ఒకరి తల్లి ఉండి ఒకరి తల్లి పోవడాన్ని ఆ స్నేహం తట్టుకోలేకపోయింది. ఆ తర్వాత ఒక రాత్రి బాగా తాగి ఉన్న క్లేర్‌ను ఏంజెలా అన్న ఆరన్ కారులో ఇంటికి దింపడానికి తీసుకెళ్తుంటే, తెల్ల కుర్రాళ్లు వెంటపడ్డారు. నల్ల కుర్రాడి కారులో తెల్ల పిల్ల ఉంటే వాళ్లకు ఒకటే అర్థం తోచింది. ఆరన్ బతకలేదు. వాళ్లకు మాత్రం ఏమీ కాలేదు.

ఈ కథ దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. క్లేర్ దుఃఖం నిజం. తల్లిని పోగొట్టుకున్న పిల్ల లోపల ఎలా ఎండిపోతుందో ఎవాన్స్ ఎంతో దయతో రాసింది. దయ చూపించినంత మాత్రాన వదిలేయలేదు. క్లేర్‌కు పోయింది తల్లి. ఏంజెలాకు పోయింది అన్న. రెండూ చావులే. కానీ ఒకరి దుఃఖాన్ని చూసి ఊరు జాలిపడింది, ఇంకొకరి దుఃఖానికి కారకులెవరో చెప్పమని అడిగినవాళ్లే లేరు. ఆరన్ ఏం చేస్తూ చనిపోయాడో తెలిసిన మనిషి క్లేర్. ఆమె దగ్గరున్న ఆ సాక్ష్యం ఒక కుటుంబానికి ఎంత విలువైనదో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. కాలేజీలో జరిగిన రచ్చంతా ఆ జెండా గురించి. కథ మాత్రం ఆ మౌనం గురించి.

మిగతా కథలు

‘రిచర్డ్ ఆఫ్ యార్క్ గేవ్ బ్యాటిల్ ఇన్ వెయిన్’ అనే పేరు చూసి కంగారు పడక్కర్లేదు. ఇంద్రధనుస్సు రంగుల వరుస గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లిషు పిల్లలు బట్టీ పట్టే వాక్యం అది. మనం బడిలో విబ్‌జియార్ అని వల్లించినదే, తలకిందులుగా. కథలో పెళ్లికూతురి స్నేహితురాళ్లకు తలా ఒక రంగు గౌను. ఆ పెళ్లికి వచ్చిన రీనా ఫొటో జర్నలిస్టు. ఆమె చెల్లెల్ని కట్టుకున్నవాడు తలలో కాల్చాడు. చెల్లెలు చావలేదు. అలాగని తిరిగి మనిషీ కాలేదు. పెళ్లికొడుకు మాయమైతే, రీనా, పెళ్లికూతురు కలిసి కారులో వెతుకుతూ బయల్దేరతారు. నవ్వించే కథే. ఆ రంగుల మధ్య రీనా మోస్తున్నదాన్ని మాత్రం ఎవరూ అడగరు.

‘ఎనీథింగ్ కుడ్ డిసప్పియర్’లో వెరా బస్సులో న్యూయార్క్ వెళ్తుంటే పక్కనున్న ఆవిడ తన పసివాణ్ణి వదిలేసి దిగిపోతుంది. వెరా పోలీసుల దగ్గరికి వెళ్లదు. వాణ్ణి పెంచుకోవడం మొదలుపెడుతుంది. ఒక నేరం ఇంత ముద్దుగా ఎలా ఉంటుందో, చదువుతున్న మనం కూడా ఆ నేరం బయటపడకూడదని ఎలా కోరుకుంటామో ఆ కథ చదివితే తెలుస్తుంది. తాను బాధపెట్టిన స్త్రీలందరికీ క్షమాపణలు చెప్పుకుంటూ తిరిగే గొప్ప కళాకారుడి కథ నాకు అంతగా పట్టలేదు. ఆలోచన పదునైనదే కానీ మనుషులు పల్చబడ్డారు. ‘ఆల్కట్రాజ్’లో తల్లి జీవితమంతా ఒక్క పని మీద పెట్టింది. చేయని నేరానికి ఆ దీవి మీది జైల్లో మగ్గిన తన పెద్దాయన పేరు కడగాలి. 1934లో పేరుమోసిన నేరగాళ్ల జైలుగా మారకముందు ఆల్కట్రాజ్ సైనిక జైలు. ఆమె కాగితాలు రాస్తూనే ఉంటుంది, కార్యాలయాలు జవాబులు ఇస్తూనే ఉంటాయి. కూతురు మాత్రం విడిపోయిన తెల్ల చుట్టాల్ని పోగుచేసి ఆ దీవికి తీసుకెళ్తుంది, రక్తసంబంధమైనా ఏమన్నా సరిచేస్తుందేమోనని.

చెర్రీ మిల్ ఫలకం

మళ్లీ క్యాసీ దగ్గరికి వద్దాం. విస్కాన్సిన్ రాష్ట్రంలో చెర్రీ మిల్ అనే ఊరు. ఇది ఎవాన్స్ కల్పించిన ఊరే. 1930లలో తెల్లవాళ్ల ఊళ్లో దుకాణం కొన్న జొసయ్య అనే నల్లజాతి మనిషిని దుకాణంతో సహా తగలబెట్టారని అక్కడొక స్మారక ఫలకం ఉంది. ఆ ఫలకం మీద సవరణ చేసింది క్యాసీ పాత సహోద్యోగి జెనివీవ్. ఉద్యోగం పోయిన మనిషి. చిన్నప్పుడు తెల్లపిల్లల బడిలో క్యాసీ, జెనివీవ్ ఇద్దరే నల్లపిల్లలు. ఒకరిని చూపించి ఒకరిని పోల్చే పెద్దవాళ్ల మధ్య పెరిగారు. జెనివీవ్‌ది ఒకటే పంతం: ఎవరు చనిపోయారో రాస్తే చాలదు, ఎవరు చంపారో కూడా రాయాలి. క్యాసీ సర్దుకుపోయే మనిషి. ఆ ఊరికి వెళ్లి జెనివీవ్ సవరణను సరిచూసే పని ఆమె మీద పడింది. చూడబోతే జొసయ్య అసలు ఆ మంటల్లో చనిపోయాడా అన్న అనుమానం. ముగింపు చెప్పను. ఒక్కటి మాత్రం: కథలో ఒక మనిషి తన రంగు దాచుకుని తెల్లవాళ్లలో కలిసిపోతుంది. ఇంగ్లిషులో దాన్ని ‘పాసింగ్’ అంటారు. మనకు మాట లేదు కానీ పని ఉంది. ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్లి ఇంటిపేరు మింగేసినవాళ్లు మన నగరాల్లో ఎందరు లేరు?

ఫలకం మీద ఇంత గొడవేంటి అనిపించవచ్చు. 1955 ఆగస్టులో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి చంపి తల్లహాచీ నదిలో పడేశారు. శవం దొరికిన చోట ఈ శతాబ్దంలో ఒక గుర్తు పలక నిలబెట్టారు. ఎత్తుకుపోయారు. మళ్లీ పెడితే తూటాలతో తూట్లు పొడిచారు. మళ్లీ పెడితే మళ్లీ కాల్చారు. చివరికి 2019 అక్టోబరులో తూటా దిగని ఉక్కుతో, సుమారు 500 పౌండ్ల బరువుతో పలక చేయించి పాతారు. పిల్లవాడు చనిపోయి అప్పటికి 64 ఏళ్లు. అలబామాలోని మాంట్‌గమరీలో 2018 ఏప్రిల్‌లో తెరిచిన స్మారకంలో, 1877 నుంచి 1950 దాకా గుంపులు కొట్టి, ఉరేసి చంపిన 4,400 మందికి పైగా నల్లవాళ్ల లెక్క ఉంది. కౌంటీకో ఉక్కు దిమ్మ చొప్పున 800కు పైగా పైనుంచి వేలాడుతుంటాయి. పేరు దొరకనివాళ్ల చోట ‘తెలియదు’ అని చెక్కారు.

ఎవాన్స్ ఊహించిన కార్యాలయం నిజంగా రాలేదు. తిరగేసిన నమూనా ఒకటి వచ్చింది. 2025 మార్చి 27న అధ్యక్షుడు ట్రంప్ అమెరికా చరిత్రలో ‘సత్యాన్ని పునరుద్ధరించే’ ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఆ తర్వాత జాతీయ ఉద్యానవనాల్లో, స్మారక స్థలాల్లో సందర్శకులకు విజ్ఞప్తులు వెలిశాయి: గతంలోని అమెరికన్ల గురించి గానీ, ఇప్పటివాళ్ల గురించి గానీ చెడుగా రాసిన పలకలు కనబడితే తెలియజేయండి అని. ఆ స్థలాల్లో ఆల్కట్రాజ్ కూడా ఒకటి. క్యాసీ అంటించే చీటీకి నిజ జీవితంలో వచ్చిన జవాబు ఇది.

మనకూ వాళ్లకూ మధ్య

తెలుగు పాఠకులకు నల్లజాతి అమెరికా కొత్త కాదు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా అందించినప్పటి నుంచి కుంటా కింటే మన ఇళ్లల్లో పేరు పెట్టి పిలిచే మనిషే. చరిత్ర తెలిసింది కానీ, అక్కడ స్థిరపడ్డ మనవాళ్లకు ఆ చరిత్రతో ఉన్న లెక్క అంతగా తెలియదు. 1946 చట్టం కింద వలసకు భారతదేశం మొత్తానికి అమెరికా ఇచ్చిన వాటా ఏడాదికి 100 మంది. నల్లవాళ్లు కుక్కల కాట్లు, లాఠీలు, తూటాలు భరించి సాధించుకున్న 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వెనకే, 1965 అక్టోబరు 3న వలస చట్టం మారింది. జాతిని బట్టి తలుపు తీసే పద్ధతి పోయింది. గుంటూరు నుంచీ, కరీంనగర్ నుంచీ వెళ్లిన డాక్టర్లూ, ఇంజనీర్లూ ఆ తలుపులోంచే వెళ్లారు. న్యూజెర్సీలో, డాలస్‌లో ఇల్లు కొనేటప్పుడు ‘ఆ ఏరియాలో నల్లోళ్లుంటారట, వద్దు’ అని మన నోటి వెంట వచ్చే మాటను ఈ లెక్క పక్కన పెట్టి చూసుకోవాలి. నా సొంత చుట్టాల నోట ఆ మాట విన్నాను. అప్పుడు ఏమీ అనలేదు. ఈ పుస్తకం చదివాక ఆ మౌనం గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

ఆ ద్వేషం మనవాళ్లనూ వదల్లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, ఆఫీసు నుంచి వస్తూ స్నేహితుడితో కలిసి కాసేపు కూర్చున్న 32 ఏళ్ల తెలుగు ఇంజనీరును ఒక తెల్లవాడు, నా దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్చి చంపాడు. వాళ్లను ఇరానీయులు అనుకున్నాడట. ఆ ఇంజనీరు భార్య అంత్యక్రియల కోసం హైదరాబాద్ వచ్చింది. భర్త వీసా మీద ఆధారపడిన ఆమె హక్కు భర్తతోనే పోయింది. తాము కట్టుకున్న ఇంటికి తిరిగి వెళ్లడానికి, భర్త పోయిన దుఃఖంలో, ఆమె కాగితాలు నింపాల్సి వచ్చింది. ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే అనుమతి దొరికింది. ఆమె ఆ ఊరికే తిరిగి వెళ్లింది. ఉద్యోగం చేసుకుంటూ, వలస వచ్చినవాళ్లు ఎవరో, ఎక్కడి నుంచి ఎందుకు వచ్చారో వాళ్ల కథలు పోగుచేసి చుట్టుపక్కలవాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది.